నీళ్ళలో ముంచినా కొన్ని ఉక్కులు ఎందుకు గట్టిపడవు, కొన్ని ఎందుకు పగులుతాయి?

ముందుగా మీ ప్రశ్న సారాంశం. మీరు పొదిలి దగ్గర చిన్న వర్క్‌షాపు నడుపుతూ చీమకుర్తి క్వారీల వారికి ఉలులు, రాయి చీల్చే చీలలు చేసి ఇస్తున్నారు. టీఎంటీ కడ్డీతో చేసిన ఉలిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచినా నాలుగు దెబ్బలకే దాని మొన వంగుతోంది. లారీ కమాను పట్టీతో చేసిన ఉలిని అదే కొలిమిలో కాల్చి అదే తొట్టిలో ముంచితే బయటికి తీసేలోపే పగిలింది. 40 మిల్లీమీటర్ల ఈఎన్ 24 (ఈఎన్ అంకెలు ఉక్కు రకాల పేర్లు) కడ్డీ నూనెలో చక్కగా గట్టిపడింది, కానీ అదే మందం గల ఈఎన్ 8 కడ్డీని అదే నూనెలో వేస్తే ఆకురాయి సులువుగా కోసేస్తోంది. నీళ్ళలో ఉప్పు కలిపితే అన్నీ సరిపోతాయని ఎవరో చెప్పారు, అది నిజమేనా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మీ కొలిమిలో గానీ తొట్టిలో గానీ పెద్ద లోపం లేదు. నాలుగు వేర్వేరు ఉక్కులను రెండే పద్ధతుల్లో చల్లార్చడం వల్ల వచ్చిన తేడా ఇది. ఉక్కు గరిష్ఠంగా ఎంత గట్టిపడగలదో కార్బన్ నిర్ణయిస్తుంది. ఆ గట్టిదనం ఎంత లోతుకు దిగుతుందో, దానికి ఎంత వేగంగా చల్లార్చాలో మాంగనీస్, క్రోమియం, నికెల్, మాలిబ్డినం వంటి మిగతా మూలకాలు నిర్ణయిస్తాయి. ఈ రెండూ వేర్వేరు విషయాలు. మన దగ్గర చాలామంది రెండింటినీ ఒకటిగా కలిపేసి, గట్టిపడకపోతే ఇంకా చల్లటి నీళ్ళు, ఇంకా ఎర్రటి మంట అంటూ వెళతారు. ఉప్పు సంగతికి వస్తే, అది ఈఎన్ 8కి కొంత మేలు చేస్తుంది, టీఎంటీకి పెద్దగా ఏమీ చేయదు, కమాను పట్టీకి కీడు చేస్తుంది.

నేను ఒంగోలులో హీట్ ట్రీట్‌మెంట్ పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. క్వారీ పనిముట్లు, క్రషర్ భాగాలు, ట్రాక్టర్ సామాను, లేత్ షాపుల వారు పంపే షాఫ్టులు, గేర్లు మా దగ్గరికి వచ్చే పనుల్లో ప్రధానమైనవి. కింద రాసినదంతా ఆ పనిని దృష్టిలో పెట్టుకుని రాసినదే.

ఉక్కును సుమారు 730 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటించి ఇంకా పైకి తీసుకువెళితే లోపలి ఇనుప అణువుల అమరిక మారుతుంది. ఆ కొత్త అమరికను ఆస్టెనైట్ అంటారు. దానికి కార్బన్‌ను తనలో కరిగించుకునే శక్తి చాలా ఎక్కువ. బాగా అధిక ఉష్ణోగ్రతలో అది బరువులో 2 శాతం వరకు కార్బన్‌ను ఇముడ్చుకోగలదు. మామూలు ఉష్ణోగ్రతలో ఉండే ఇనుము 0.02 శాతం కూడా ఇముడ్చుకోలేదు. అందువల్ల ఉక్కును నెమ్మదిగా చల్లారనిస్తే కార్బన్ బయటికి వచ్చి, ఇనుముతో కలిసి సన్నని పొరలుగా పేరుకుంటుంది. అది పెర్లైట్, మెత్తని నిర్మాణం. ఒక్కసారిగా చల్లార్చితే కార్బన్‌కు బయటికి వచ్చే వ్యవధి ఉండదు. అది ఇనుప అణువుల మధ్యే చిక్కుకుని ఆ అమరికను సాగదీసి బిగబట్టి ఉంచుతుంది. అలా ఏర్పడేది మార్టెన్‌సైట్. మనం పదును పట్టింది అని అనేది దీన్నే.

బిగువుకు కారణం చిక్కుకున్న కార్బనే కాబట్టి, కార్బన్ ఎంత ఉంటే గట్టిదనం అంత. పూర్తిగా మార్టెన్‌సైట్‌గా మారిన ఉక్కులో 0.2 శాతం కార్బన్ ఉంటే రాక్‌వెల్ సి కొలమానంలో గట్టిదనం సుమారు 45 వస్తుంది. 0.4 శాతానికి 57 దరిదాపుల్లోను, 0.6 శాతానికి 63, 64 వరకు వస్తుంది. ఆ పైన కార్బన్ పెంచినా గట్టిదనం 65, 66 దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే అదనపు కార్బన్ వల్ల కొంత ఆస్టెనైట్ మారకుండానే మిగిలిపోతుంది. క్రోమియం, నికెల్ వంటివి ఎన్ని కలిపినా ఈ అంకెలు పెద్దగా మారవు. ఈఎన్ 24 ఖరీదైన ఉక్కు కాబట్టి ఈఎన్ 8 కంటే చాలా గట్టిగా ఉంటుందని అనుకునేవారు చాలామంది ఉన్నారు. రెండింటిలోనూ కార్బన్ 0.4 శాతం దగ్గరే ఉంటుంది గనక పూర్తిగా పదును పట్టిన చోట వాటి గట్టిదనం ఇంచుమించు సమానమే.

టీఎంటీ కడ్డీ విషయం ఇక్కడితోనే తేలిపోతుంది. ఐఎస్ 1786 ప్రమాణం ప్రకారం ఎఫ్ఈ 500 రకంలో కార్బన్ 0.30 శాతానికి మించకూడదు, ఎఫ్ఈ 500డీ రకంలో 0.25 శాతానికి మించకూడదు. వంచడానికి, వెల్డింగ్‌కు వీలుగా ఉండాలని కావాలనే కార్బన్‌ను తగ్గించి చేసిన ఉక్కు అది. మిగతా మూలకాలు కూడా అందులో తక్కువే. అందువల్ల మీరు ఎంత వేగంగా చల్లార్చినా పైన పలచని పొర మాత్రమే 40, 45 వరకు గట్టిపడుతుంది, ఆ కింద అంతా మెత్తగానే ఉంటుంది. రాతి ఉలి మొనకు 54 నుంచి 58 వరకు కావాలి. చీమకుర్తి నల్లరాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటున్నా అది గాబ్రో జాతి రాయి. అందులోని ఫెల్డ్‌స్పార్ మోస్ కాఠిన్య కొలమానంలో 6 దగ్గర ఉంటుంది. అంతటి రాయి ముందు 45 గట్టిదనం గల మొన నిలవదు.

టీఎంటీ గురించి ఇంకొక మాట. ఆ కడ్డీకి బలం వచ్చేదే మిల్లులో క్వెంచింగ్, అంటే ఒక్కసారిగా చల్లార్చడం వల్ల. వేడి వేడిగా రోలింగ్ నుంచి బయటికి వస్తున్న కడ్డీ పైన నీళ్ళు ఒత్తిడితో చిమ్ముతారు. పై పొర మార్టెన్‌సైట్‌గా మారుతుంది, లోపలి వేడి మళ్ళీ బయటికి వచ్చి ఆ పొరను టెంపర్ చేస్తుంది, అంటే కొద్దిగా వేడి చేసి దాని పెళుసుదనం తగ్గిస్తుంది. కడ్డీని అడ్డంగా కోసి, నునుపు చేసి, నైట్రిక్ ఆమ్లం కలిపిన స్పిరిట్ పూస్తే అంచు చుట్టూ ముదురు రంగు వలయం స్పష్టంగా కనిపిస్తుంది. మీరు కొలిమిలో పెట్టి ఎర్రగా కాల్చగానే మిల్లు ఇచ్చిన ఆ వలయం పోతుంది. మీ తొట్టి దాన్ని పూర్తిగా తిరిగి ఇవ్వలేదు.

ఇక లోతు సంగతి. మీ ప్రశ్నలో అసలు ఆసక్తికరమైన భాగం ఈఎన్ 8, ఈఎన్ 24ల మధ్య తేడాయే. కార్బన్ ఒకటే, మందం ఒకటే, నూనె ఒకటే అయినా ఒకటి గట్టిపడింది, ఇంకొకటి పడలేదు.

నూనె నీళ్ళంత వేగంగా చల్లార్చదు. పైగా 40 మిల్లీమీటర్ల కడ్డీ నడిమధ్యలో ఉన్న వేడి బయటికి రావడానికి సమయం పడుతుంది. ఆ సమయంలో కార్బన్ బయటికి జారుకుని పెర్లైట్ తయారవుతుందా లేదా అన్నదే ప్రశ్న. దాదాపు 0.8 శాతం కార్బన్ తప్ప వేరే మూలకాలు లేని ఉక్కులో 550 డిగ్రీల ప్రాంతంలో ఒక సెకను తిరిగేసరికే పెర్లైట్ మొదలవుతుంది. అంటే ఆ ఉష్ణోగ్రతను ఒక సెకనులోపు దాటించాలి. మాంగనీస్, క్రోమియం, మాలిబ్డినం, నికెల్ ఆ మార్పును ఆలస్యం చేస్తాయి. పెర్లైట్ ఏర్పడాలంటే ఈ మూలకాలు కూడా కదిలి తమ తమ చోట్లకు చేరాలి, అవి కార్బన్ కంటే ఎన్నో రెట్లు మందకొడిగా కదులుతాయి. ఈఎన్ 24లో ఆ ఆలస్యం ఎంత ఎక్కువంటే, సన్నని ముక్కను గాలిలో వదిలేసినా గట్టిపడుతుంది. మా దగ్గరకు వచ్చే లేత్ షాపు వారికి ఇది అనుభవమే. ఈఎన్ 24 షాఫ్టుకు వెల్డింగ్ చేసి చల్లారాక టర్నింగ్‌కు పెడితే వెల్డ్ పక్కన టూలు మొన పోతుంది, కొన్నిసార్లు అక్కడే సన్నని పగులు కూడా కనిపిస్తుంది. ఎవరూ క్వెంచింగ్ చేయలేదు, చుట్టూ ఉన్న చల్లటి లోహమే వెల్డ్ పక్క భాగాన్ని చల్లార్చి గట్టిపరిచింది.

గ్రాస్‌మన్ అనే లోహ శాస్త్రవేత్త ఈ మూలకాల ప్రభావాన్ని లెక్కకట్టే పద్ధతి ఒకటి ఇచ్చాడు. అందులో ప్రతి మూలకానికి ఒక గుణకం ఉంటుంది. ముఖ్యమైన విషయం ఏమిటంటే వాటిని కూడకూడదు, ఒకదానితో ఒకటి గుణించాలి. 0.8 శాతం మాంగనీస్‌కు గుణకం సుమారు 3.7. ఈఎన్ 8లో చెప్పుకోదగిన మూలకం అదొక్కటే. ఈఎన్ 24లో మాంగనీస్ 0.6 శాతం అనుకుంటే 3, క్రోమియం 1.2 శాతానికి 3.6, నికెల్ 1.5 శాతానికి 1.5, మాలిబ్డినం పావు శాతానికి 1.75. వీటన్నిటినీ గుణిస్తే 28 దాటుతుంది. 0.4 శాతం కార్బన్‌కు, రెండింటిలోనూ కొద్దిగా ఉండే సిలికాన్‌కు లెక్క వేసి చూస్తే, ఊహించగలిగినంత తీవ్రంగా చల్లార్చినప్పుడు నడిమధ్య వరకు సగమైనా మార్టెన్‌సైట్ అయ్యే వ్యాసం ఈఎన్ 8కి 23 మిల్లీమీటర్ల దగ్గర, ఈఎన్ 24కి 180 మిల్లీమీటర్ల పైన వస్తుంది. మన నూనె తొట్టిలో ఈ రెండూ తగ్గుతాయి. ఈఎన్ 8కి 10 మిల్లీమీటర్ల లోపుకు పడిపోతుంది, ఈఎన్ 24కి 100 దరిదాపుల్లో నిలుస్తుంది. మీ 40 మిల్లీమీటర్ల కడ్డీ ఈ రెండింటి మధ్య ఎక్కడ పడుతుందో ఇప్పుడు మీకే తెలుస్తుంది. ఇది అంచనా లెక్క మాత్రమే, దీన్ని పట్టుకుని డ్రాయింగ్ మీద సంతకం పెట్టకండి. కానీ ఏ ఉక్కు కొనాలో తేల్చుకోవడానికి ఇది చాలు.

దీన్ని ప్రయోగశాలలో కొలవడానికి జామినీ పరీక్ష ఉంది. 25 మిల్లీమీటర్ల వ్యాసం, 100 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ముక్కను కాల్చి నిలువుగా వేలాడదీసి, కింది చివర మీద మాత్రమే నీళ్ళు చిమ్ముతారు. తరువాత పక్కన సన్నగా చదును చేసి, కింది నుంచి పైకి వరుసగా గట్టిదనం కొలుస్తారు. ఈఎన్ 8 జాతి ఉక్కులో మొదట 55 దగ్గర మొదలై 5, 6 మిల్లీమీటర్లు దాటగానే 30 దరిదాపులకు జారిపోతుంది. ఈఎన్ 24 జాతిలో 50 మిల్లీమీటర్ల దూరంలో కూడా గీత పెద్దగా కిందికి దిగదు. పెద్ద మొత్తంలో ఉక్కు కొనేవారు సరఫరాదారుని ఈ గీత అడిగి తీసుకోవచ్చు.

గుణకాల్లో బోరాన్‌ను చేర్చలేదు, ఎందుకంటే దాని తీరే వేరు. 10 లక్షల భాగాల్లో 10 నుంచి 30 భాగాలు ఉంటే చాలు, తక్కువ కార్బన్ ఉక్కు గట్టిపడే లోతు గణనీయంగా పెరుగుతుంది. ఆస్టెనైట్ రేణువుల (ఉక్కు లోపలి సూక్ష్మ స్ఫటికాల) అంచుల్లో చేరి, అక్కడ కొత్త నిర్మాణం మొలకెత్తకుండా అది ఆపుతుంది. నైట్రోజన్‌తో కలిసిపోతే దాని పని పోతుంది గనక టైటానియం కూడా వేస్తారు. మన నల్లరేగడి పొలాల్లో తిరిగే రోటావేటర్ బ్లేడ్లలో మేలైన వాటిని ఇలాంటి బోరాన్ ఉక్కుతో చేస్తారు. అరిగిన బ్లేడును చూసి దాని ఆకారంలోనే మామూలు ప్లేటుతో చేయించుకుని, గట్టిపరచమని మా దగ్గరికి తెచ్చే రైతులు ఉన్నారు. ప్లేటులో కార్బనూ చాలదు, బోరానూ లేదు. ఆ పని మేము తీసుకోము, ఎందుకంటే డబ్బు తీసుకున్నా బ్లేడు గట్టిపడదు.

ఇప్పుడు కమాను పట్టీ ఎందుకు పగిలిందో చూద్దాం. లారీ కమాన్లకు మన దేశంలో ఎక్కువగా వాడేవి సిలికాన్, మాంగనీస్ ఉన్న ఈఎన్ 45 రకం గానీ, మాంగనీస్, క్రోమియం ఉన్న ఎస్‌యూపీ 9 రకం గానీ. రెండింటిలోనూ కార్బన్ 0.5 నుంచి 0.65 శాతం మధ్య ఉంటుంది. కార్బన్ బాగా ఉంది గనక గట్టిపడుతుంది, తోడు మూలకాలు ఉన్నాయి గనక నూనెలోనే గట్టిపడుతుంది. అలాంటి దానికి నీళ్ళ వేగం అనవసరం, అనవసరమైన ఆ వేగమే దాన్ని పగలగొడుతుంది.

పగలడం వెనుక జరిగేది ఇది. ఆస్టెనైట్ మార్టెన్‌సైట్‌గా మారేటప్పుడు ఉక్కు ఉబ్బుతుంది, కార్బన్ ఎక్కువైన కొద్దీ ఉబ్బు కూడా ఎక్కువే. నీళ్ళలో పడగానే ముందు పై పొర మారి, ఉబ్బి, గాజులా పెళుసుగా బిగుసుకుంటుంది. లోపలి భాగం ఆ తరువాత మారి ఉబ్బుతుంది, అప్పటికి పై పొరకు సాగే గుణం ఉండదు. దాంతో అది చీలుతుంది. మార్పు మొదలయ్యే ఉష్ణోగ్రత కూడా రసాయన కూర్పు మీదే ఆధారపడుతుంది. ఆండ్రూస్ సూత్రం ప్రకారం 539 నుంచి కార్బన్ శాతానికి 423 రెట్లు, మాంగనీస్‌కు 30 రెట్లు, నికెల్‌కు 18 రెట్లు, క్రోమియంకు 12 రెట్లు, మాలిబ్డినంకు 7.5 రెట్లు తీసివేయాలి. ఈఎన్ 8కి ఇది 345 డిగ్రీల దగ్గర, ఎస్‌యూపీ 9కి 270 దగ్గర వస్తుంది. మార్పు ఎంత తక్కువ ఉష్ణోగ్రతలో జరిగితే ఉక్కుకు ఆ ఒత్తిడిని సర్దుకునే అవకాశం అంత తగ్గుతుంది. దీనికి తోడు పదునైన మూలలు, నంబరు గుద్దిన గుర్తులు, సమ్మెట దెబ్బల్లో మడతపడిన చోట్లు పగులుకు దారి చూపుతాయి. పాత కమానులో ఏళ్ళ తరబడి బరువు మోసినందువల్ల ఏర్పడిన, కంటికి కనపడని పగుళ్ళు ఉండే అవకాశం కూడా ఉంది. నా అభిప్రాయంలో వాడేసిన కమాను పట్టీ ఉలికి మంచి ఉక్కే గానీ నమ్మకమైన ఉక్కు కాదు. నడిమి బోల్టు రంధ్రం చుట్టుపక్కల ముక్కను మాత్రం ఎప్పుడూ వాడకండి.

ఉప్పు నీళ్ళ గురించి. వేడి ఉక్కు నీళ్ళను తాకగానే చుట్టూ ఆవిరి పొర ఒకటి కమ్ముకుంటుంది. అది వేడిని బయటికి పోనివ్వదు, పైగా ఎగుడుదిగుడుగా ఉండడం వల్ల కొన్నిచోట్ల మెత్తటి మచ్చలు మిగులుతాయి. లీటరుకు 100 గ్రాముల ఉప్పు కలిపితే ఆ పొర త్వరగా చిట్లిపోయి చల్లదనం సమంగా, ఇంకా వేగంగా అందుతుంది. లోతు చాలని ఈఎన్ 8 వంటి దానికి ఇది పనికి వస్తుంది. అయితే ఉప్పు పెంచేది చల్లారే వేగాన్ని మాత్రమే, ఉక్కులో లేని కార్బన్‌ను అది తెచ్చిపెట్టదు. కమాను పట్టీని, ఈఎన్ 24ను, బేరింగ్ ఉక్కు ఈఎన్ 31ను ఉప్పు నీళ్ళ దగ్గరికి తీసుకువెళ్ళకండి. నూనె తొట్టి విషయంలో రెండు మాటలు చాలు. నూనెను 50 నుంచి 70 డిగ్రీల దాకా వేడి చేసి వాడితే పలచబడి ఇంకా బాగా చల్లారుస్తుంది. అందులో నీళ్ళు చేరకుండా చూసుకోండి, ఎందుకంటే అడుగున చేరిన నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై మండుతున్న నూనెను మనిషి మీదికి చిమ్ముతాయి.

క్వెంచింగ్ అంటే గట్టిపరచడమే అన్న నమ్మకం కూడా అన్నిచోట్లా చెల్లదు. మన క్రషర్లలో రాయిని నలిపే జా ప్లేట్లు ఇందుకు మంచి ఉదాహరణ. అవి 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ రూపొందించిన మాంగనీస్ ఉక్కు కోవకు చెందినవి, కార్బన్ 1 నుంచి 1.4 శాతం, మాంగనీస్ 11 నుంచి 14 శాతం ఉంటుంది. ఇంత మాంగనీస్ ఉంటే మార్టెన్‌సైట్ మామూలు ఉష్ణోగ్రతలో ఏర్పడనే ఏర్పడదు, ఆస్టెనైట్ అలాగే నిలిచిపోతుంది. 1050 డిగ్రీల దగ్గర కాల్చి నీళ్ళలో ముంచితే ఆ ప్లేటు గట్టిపడదు, సాగే గుణం, దెబ్బ తట్టుకునే గుణం వస్తాయి. రాళ్ళ దెబ్బలు తిన్నకొద్దీ పైభాగం మాత్రం గట్టిపడుతూ పోతుంది. దాన్ని మళ్ళీ 300 డిగ్రీల పైకి ఎక్కువసేపు వేడి చేసి నెమ్మదిగా చల్లారనిస్తే కార్బైడ్లు (కార్బన్ లోహంతో కలిసి ఏర్పడే గట్టి పదార్థాలు) రేణువుల అంచుల్లో పేరుకుని ప్లేటు పెళుసవుతుంది. చీమకుర్తి దారిలోని ఒక క్రషర్ వారు వంగిన జా ప్లేటును గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి సరిచేసి, అలాగే ఆరబెట్టి బిగించారు. అది వారం తిరగకముందే రెండు ముక్కలైంది. ఆ ముక్కను మా దగ్గరికి తెచ్చినప్పుడు విరుపు ముఖం ఉప్పు రాయిలా మెరుస్తూ, ఎక్కడా సాగిన జాడ లేకుండా ఉంది. అయస్కాంతం అతకకపోతే అది మాంగనీస్ ప్లేటని అనుమానించండి, మంట దూరంగా ఉంచండి.

ఇలాంటిదే నెల్లూరు జిల్లా రొయ్యల చెరువుల వారి ప్రశ్న. ఏరేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) షాఫ్టు అరిగిపోతోంది, గట్టిపరిచి ఇవ్వండి అని తెస్తారు. అది 304 స్టెయిన్‌లెస్ అయితే అందులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, కార్బన్ లేనట్టే. నికెల్ వల్ల అది కూడా ఆస్టెనైట్‌గానే ఉండిపోతుంది, కాల్చి నీళ్ళలో వేస్తే ఇంకా మెత్తబడుతుంది. 410, 420 రకాలు మాత్రం క్వెంచింగ్‌తో గట్టిపడతాయి, కానీ ఉప్పు నీటిలో తుప్పును 304 అంతగా తట్టుకోవు. ఏది ముఖ్యమో తేల్చుకోవలసింది చెరువు యజమానే.

కాగితం మీద ఉన్న రసాయన కూర్పు, కాల్చినప్పుడు ఆస్టెనైట్‌లో నిజంగా కరిగిన కూర్పు ఒకటే కానక్కరలేదు. డీ 2 డై ఉక్కులో 1.5 శాతం కార్బన్, 12 శాతం క్రోమియం ఉన్నా అవి కార్బైడ్లుగా బిగుసుకుని ఉంటాయి. 850 డిగ్రీలకు కాల్చితే అవి చాలినంత కరగవు, అందువల్ల సరిగా గట్టిపడదు. దానికి 1010 నుంచి 1030 డిగ్రీలు కావాలి, ఆ తరువాత గాలిలో చల్లారినా చాలు. మీ పనికి సంబంధించిన ఉక్కుల్లో ఈఎన్ 8కి 830 నుంచి 860, ఈఎన్ 24కి 820 నుంచి 850, ఎస్‌యూపీ 9కి 830 నుంచి 860 సరిపోతాయి. ఈఎన్ 45లో సిలికాన్ ఎక్కువ కాబట్టి మార్పు ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది, దానికి 880 పైన కావాలి. అయస్కాంతం పట్టు విడిచేది 770 దగ్గర. అది విడిచాక ఇంకొంచెం రంగు పెరిగే వరకు ఆగాలి. అలాగని పసుపు రంగు దాకా తీసుకువెళితే రేణువులు ముతకబడి మొన పెళుసవుతుంది.

కొలిమిలో ఇంకొక చిక్కు ఉంది, ఇది ప్రయోగశాల కాగితంలో కనపడదు. గాలి ఎక్కువగా కొట్టి, బొగ్గు పలచగా ఉన్న చోట ఉక్కును ఎక్కువసేపు ఉంచితే పై పొరలోని కార్బన్ కాలిపోతుంది. సిలికాన్ ఉన్న కమాను ఉక్కుకు ఈ బెడద మరీ ఎక్కువ. క్వెంచింగ్ తరువాత ఆకురాయి పెడితే జారకుండా పట్టుకుంటుంది, మీరు ఉక్కు మంచిది కాదని అనుకుంటారు. తీర్పు చెప్పే ముందు గ్రైండర్ మీద నీళ్ళతో తడుపుతూ అర మిల్లీమీటరు తీసేసి మళ్ళీ ఆకురాయి పెట్టి చూడండి. కింద జారితే ఉక్కు మంచిదే, పై పొర కార్బన్ కోల్పోయింది. ఆకురాయి గట్టిదనం 60 పైన ఉంటుంది గనక, 55 దగ్గర ఉన్న ఈఎన్ 24ను అది కొద్దిగా గీకుతుంది. అది లోపం కాదు.

కూర్పు తెలియని ముక్కను ఎలా గుర్తించాలి? కొత్తది కొనేటప్పుడు టెస్ట్ సర్టిఫికెట్ అడగండి, దాని మీది హీట్ నంబరు (ఉక్కు ఒక్కో కరిగింపుకు ఇచ్చే నంబరు) కడ్డీ మీది నంబరుతో కలుస్తుందో లేదో చూడండి. ఉక్కు చివర రంగు పూసి ఈఎన్ 8ను ఈఎన్ 9 (కార్బన్ ఇంకా ఎక్కువ గల రకం) అని, ఈఎన్ 19ను ఈఎన్ 24 అని అమ్మడం నేను చూస్తూనే ఉన్నాను. పెద్ద పని అయితే మూలకాల శాతం చెప్పే స్పెక్ట్రో పరీక్ష చేయించండి, దాని ఖర్చు పగిలిన ఒక లాటు ఖర్చు ముందు ఏ పాటిది కాదు. చేతిలో ఉన్నది పాత ముక్క అయితే గ్రైండర్ దగ్గర చీకటిగా ఉన్న చోట నిప్పురవ్వలు చూడండి. కార్బన్ తక్కువైతే రవ్వలు పొడవుగా, నేరుగా పోయి చివర ఒకటి అర చిట్లుతాయి. కార్బన్ పెరిగిన కొద్దీ చక్రం దగ్గర నుంచే గుబురుగా చిట్లుతాయి. పక్కన తెలిసిన ఈఎన్ 8 ముక్క ఒకటి పెట్టుకుని పోల్చి చూడడం మంచిది, ఒంటిగా చూస్తే కన్ను మోసపోతుంది. రవ్వలు కార్బన్ గురించి బాగానే చెబుతాయి గానీ క్రోమియం, నికెల్ గురించి అంత నమ్మకంగా చెప్పవు. అందుకే చివరి పరీక్షగా వేలెడంత ముక్క కోసి ముందు నూనెలో గట్టిపరిచి, వైసులో పట్టి విరగ్గొట్టి చూడండి. సన్నని, బూడిద రంగు పట్టులాంటి రేణువు కనిపిస్తే వేడి సరిపోయింది. అది వంగిపోతే అప్పుడు నీళ్ళు ప్రయత్నించండి. తెలియని ఉక్కును ముందు నూనెలో వేయాలి, నీళ్ళు తరువాత. మెత్తగా వచ్చినదాన్ని మళ్ళీ కాల్చి గట్టిపరచవచ్చు, పగిలినదాన్ని ఏమీ చేయలేము.

టెంపరింగ్ గురించి మీరు అడగలేదు గానీ ఒక్క మాట చెప్పాలి. చల్లార్చిన ముక్కను చెయ్యి కాలని వెచ్చదనం ఉండగానే టెంపరింగ్‌కు పెట్టండి, రాత్రంతా వదిలేస్తే దానంతట అదే చిట్లే అవకాశం ఉంది. ఉలి మొనకు ఊదా రంగు, అంటే 280 డిగ్రీల ప్రాంతం సరిపోతుంది. సమ్మెట తగిలే తలను మాత్రం గట్టిపరచకండి. తల పెళుసుగా ఉంటే దాని పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది.

ఇక మీరు ఏమి కొనాలి అన్న ప్రశ్న మిగిలింది. ఉలులకు ఈఎన్ 9 గానీ, ఎస్‌యూపీ 9 రకం కొత్త కమాను పట్టీ గానీ తీసుకోండి. ఎస్‌యూపీ 9ను నూనెలో ముంచండి. ఈఎన్ 9 అయితే మొన నుంచి రెండు అంగుళాలు మాత్రమే నీళ్ళలో ముంచి, ఆగిన చోట గీత పడి విరగకుండా పైకీ కిందికీ కదుపుతూ ఉండండి. చీలలు లావుగా ఉంటాయి, వాటి మీద పడేది దెబ్బ, ఒరిపిడి తక్కువ. 40 మిల్లీమీటర్ల చీలకు ఈఎన్ 8ను నీళ్ళలో గట్టిపరిస్తే పైన గట్టిగా, లోపల మెత్తగా వస్తుంది, ఆ పనికి అదే మేలు, దాని కోసం ఈఎన్ 24 ధర పెట్టనవసరం లేదు. మీ దగ్గర మిగిలిన ఈఎన్ 24 ముక్కను జాక్‌హామర్ మోయిల్ పాయింట్ల (దానికి బిగించే మొనదేలిన ఉలుల) వంటి, అడ్డంగా వంపు పడే పనికి దాచుకోండి. దాన్ని నూనెలో చల్లార్చాక 250 డిగ్రీలు దాటకుండా గానీ, లేదా 400 దాటించి గానీ టెంపర్ చేయండి. మధ్యలో 260 నుంచి 370 వరకు ఉన్న పరిధిలో ఈ జాతి ఉక్కు దెబ్బకు పెళుసుగా మారుతుంది. మీ చీల కొలతలు, రోజుకు ఎన్ని ముక్కలు గట్టిపరుస్తారో రాస్తే, తొట్టి ఎంత పెద్దది ఉండాలో కూడా లెక్క వేసి చెబుతాను.